ఉప్పు లేని కూడు

చీకటి దారిలో గుర్రబ్బండి వస్తూ ఉంటుంది. దారి నడుమ కొందరు గొయ్యి తవ్వి శవాన్ని పూడుస్తుంటారు. పాటలాంటి ఏడుపు, ఏడుపులాంటి పాట. బండిలో పెళ్లి చేసుకోబోయే తెల్లజంట. నడిదారిలో ఈ పూడ్చడమేమిటని వాళ్లకు ఆశ్చర్యం. బండి తోలే నల్లమనిషి జవాబు చెప్తాడు. శవాలను ఎత్తుకుపోయేవాళ్లున్నారు గనక, నలుగురూ నడిచే చోట పాతిపెడితే ఎవడూ తవ్వడానికి సాహసించడంటాడు. ఇంకాస్త దూరం పోయాక కొండ మీంచి కొన్ని ఆకారాలు మెల్లగా దిగి వస్తుంటాయి. బండివాడు గుర్రాలను అదిలించి పరుగెత్తిస్తాడు. వాళ్లు మనుషులు కారనీ, గోరీల్లోంచి లేపిన శవాలనీ, రాత్రిళ్లు చక్కెర మిల్లుల్లోనూ చెరకు తోటల్లోనూ పని చేయించడానికి లేపారనీ తర్వాత చెప్తాడు.

'వైట్ జాంబీ' ఇలా మొదలవుతుంది. 1932లో అమెరికాలో విడుదలైన నలుపు తెలుపు సినిమా. దర్శకుడు విక్టర్ హాల్పెరిన్. పూర్తి నిడివి జాంబీ సినిమాల్లో మొదటిదని సినిమా చరిత్ర రాసేవాళ్లు దీనినే చెప్తారు. అంతకు ముందు ఏడాది డ్రాకులా వేషంతో పేరు తెచ్చుకున్న బేలా లుగోసీ ఇందులో మంత్రగాడు. హక్కుల గడువు తీరిపోయిన సినిమా కాబట్టి ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మేమూ అలాగే చూశాం. గంటా పది నిమిషాలు కూడా లేదు. ఇంట్లో పిల్లలు భయపడదామని కూచుని, కాసేపటికి నవ్వడం మొదలుపెట్టారు. లుగోసీ కళ్లు తెరంతా పరుచుకుని మిడుకుతుంటే వాళ్లకు నవ్వొచ్చింది. ఇప్పటి సినిమాల్లో జాంబీలు పరుగెత్తి వచ్చి కొరుకుతారు. ఇందులో ఎవరూ ఎవరినీ కొరకరు. నడుస్తారు. మోస్తారు. తోస్తారు. పని చేస్తారు. అంతే.

నవ్వు ఆగింది మిల్లు దగ్గర.

రాత్రి. నలువైపులా చెక్క దూలాలు. చెరకు గంపలు నెత్తిన పెట్టుకుని వరసగా వచ్చి గుమ్మరించిపోయే మనుషులు. కింద పెద్ద చక్రం. దాని చువ్వలను పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ తోసేవాళ్లు. మాట లేదు, నిట్టూర్పు లేదు. కిర్రు కిర్రుమనే చక్రం చప్పుడొక్కటే. గంప మోసే ఒకడు తూలి కోతయంత్రంలో పడిపోతాడు. ఎవరూ ఆగరు, తల తిప్పరు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ చప్పుడు మారదు.

వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తున్న మా నానీమా, "ఎడ్లను కట్టే చోట మనుషుల్ని కట్టారేమిరా" అంది. చిన్నప్పుడు ఊళ్లో బెల్లం గానుగ చుట్టూ ఎడ్లు తిరగడం చూసిన కళ్లవి. ఆ తర్వాత అడిగింది. "వీళ్ల కూలి ఎవడు తీసుకుంటాడు?"

అప్పటిదాకా మేము చూసింది దెయ్యాల సినిమా. ఆ ప్రశ్నతో అది చక్కెర సినిమా అయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు.

*

ముందు సినిమా పేరు దగ్గర ఆగాలి. జాంబీ అంటే చాలదా? 'తెల్ల' అని ఎందుకు అనాల్సి వచ్చింది? నల్లవాడు జాంబీ కావడంలో ఆ కాలపు అమెరికన్ ప్రేక్షకుడికి విశేషమేమీ లేదు కనక. మిల్లులో నల్లవాళ్లు నోరు లేకుండా, జీతం లేకుండా, నిద్ర లేకుండా పని చేస్తుంటే అది దృశ్యం. తెల్లపిల్ల మాడెలిన్‌కు పొడి పెట్టి, చచ్చిందనిపించి, సమాధిలోంచి లేపి, శూన్యమైన కళ్లతో పియానో ముందు కూచోబెడితే అది ఘోరం. కథంతా ఆ ఒక్క పిల్లను వెనక్కి తెచ్చుకోవడం గురించే. మిల్లులోవాళ్లను వెనక్కి తెచ్చుకోవాలని సినిమాలో ఎవరికీ తట్టదు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల కోసం ఏడ్చేవాళ్లున్నారని తెలిసేది మొదటి దృశ్యంలోని ఆ పూడ్చే గుంపు ద్వారానే. బండి ముందుకు సాగగానే ఆ గుంపునూ మర్చిపోతాం.

మంత్రగాడు తన సరుకును మెచ్చుకుంటాడు కూడా. తోటల యజమాని బోమాంట్‌తో మాట్లాడుతూ, ఇలాంటి పనివాళ్లు నీ తోటలకూ పనికొస్తారు, నమ్మకంగా చేస్తారు, ఎక్కువ గంటలని గొణగరు అన్నట్టు మాట్లాడతాడు. ఇది మంత్రగాడి మాటా, మేనేజరు మాటా? మన ఊళ్లలో, బస్తీల్లో, గల్ఫు దేశాల లేబర్ క్యాంపుల్లో ఈ మాట వినని కూలివాడెవడు?

సినిమా కథ జరిగేది హైతీలో. కరీబియన్ సముద్రంలో ఒక దీవికి పడమటి భాగం. దాని చరిత్ర తెలియకుండా జాంబీ తెలియదు.

ఫ్రెంచివాళ్లు పాలించినప్పుడు దాని పేరు సెయింట్ డొమింగ్. యూరప్ తినే చక్కెరలో, తాగే కాఫీలో పెద్ద వాటా అక్కడిదే. 1780ల చివరికి ఆ చిన్న నేలలో దాదాపు 5 లక్షల మంది బానిసలు. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టి ఓడల్లో తేబడ్డవాళ్లు. చెరకు కోత కాలంలో మిల్లు రాత్రింబగళ్లు తిరిగేది. నిద్రమత్తులో చెయ్యి రోలర్ల మధ్య పడితే నరికి మనిషిని కాపాడడానికి పక్కన కత్తి పెట్టుకునేవారు. సినిమాలో మనిషి యంత్రంలో పడిపోయే దృశ్యం హాలీవుడ్ ఊహ అనుకుంటాం. అది ఊహ కాదు.

ఆ బానిసలకు ఒకే ఒక ఆశ ఉండేది. చచ్చిపోతే ఆత్మ సముద్రం దాటి సొంత నేలకు, గినె అని వాళ్లు పిలుచుకునే ఆఫ్రికాకు, చేరుతుందని. బతికుండగా దొరకని సెలవు చావులో దొరుకుతుందని. ఆ ఆశకు పక్కనే ఒక భయం పుట్టింది. చచ్చినా సెలవు దొరక్కపోతే? గోరీలోంచి లేపి మళ్లీ చెరకు తోటకే తోలుకుపోతే? ఆ భయం పేరు జాంబీ. ఆ మాట కాంగో ప్రాంతపు భాషల నుంచి వచ్చిందని పండితులంటారు. మాట ఆఫ్రికాదే కావచ్చు, భయం మాత్రం చెరకు తోటది. ఇక్కడే తేడా గమనించాలి. హైతీ రైతు జాంబీని చూసి భయపడడు. జాంబీ అయిపోతానేమో అని భయపడతాడు. బానిసత్వాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన మాట ఇంకో భాషలో ఉందో లేదో.

ఆ మనుషులు 1791 ఆగస్టులో తిరగబడ్డారు. పన్నెండేళ్లు పోరాడారు. వాళ్ల నాయకుడు టూసాన్ లూవెర్చర్ 1803 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ కొండల్లోని ఒక కోటలో ఖైదీగా చనిపోయాడు. ఆ నవంబరులోనే వెర్తియేర్ దగ్గర నెపోలియన్ సైన్యం ఓడింది. 1804 జనవరి 1న దెసలీన్ హైతీ స్వాతంత్య్రాన్ని ప్రకటించాడు. బానిసలే గెలిచి, బానిసత్వాన్ని కూలదోసి, రాజ్యం కట్టిన సంఘటన అది. దానికి శిక్ష పడింది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పోయిన ఆస్తికి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం కట్టమంది. 'ఆస్తి' అంటే తోటలే కాదు, ఆ మనుషులు కూడా. తర్వాత 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు. ఆ బాకీల తోక 1947 దాకా తెగలేదు. గోరీలోంచి లేపి పని చేయించడమంటే ఇదే కదా!

*

ఇక్కడ మనవాళ్లలో ఒక ఉత్సాహం పుడుతుందని మాకు తెలుసు. ఆ బానిసల్లో ముస్లిములున్నారా? ఉన్నారు. సెనెగల్, గాంబియా వైపు నుంచి తెచ్చినవాళ్లలో కలిమా తెలిసినవాళ్లున్నారు. అమెరికా ఖండాల బానిసల్లో అరబీ రాయగలిగినవాళ్లూ ఉన్నారు. ఉత్తర కరోలినాలో బానిసగా ఉన్న ఒమర్ ఇబ్న్ సయీద్ 1831లో తన జీవితకథ అరబీలో రాసుకున్నాడు. బ్రెజిల్‌లోని బాహియాలో 1835లో ముస్లిం బానిసలు తిరుగుబాటు చేశారు. హైతీ తిరుగుబాటు తొలినాళ్ల నాయకుడు బుక్‌మన్ కూడా ముస్లిమేనని వాదించేవాళ్లున్నారు. 'బుక్' అంటే కితాబు కాబట్టి కితాబు మనిషి అని. పేరు మీద కట్టిన వాదమే తప్ప దానికి గట్టి ఆధారం లేదు.

ఆ వాదాన్ని మేము ఎత్తుకోవడం లేదు. ఆధారం లేకపోవడం ఒక కారణం. దానికంటే పెద్ద కారణం ఇంకొకటి. బుక్‌మన్ మనవాడని తేలితేనే మనకు నొప్పి పుట్టాలా? ఆ మిల్లులో చక్రం తోసేవాడు కలిమా చదవకపోతే మన కళ్లకు కనపడడా? మన బాధను మాత్రం లోకమంతా గుర్తించాలి, ఇతరుల బాధను మన రిజిస్టరులో ఎక్కితేనే గుర్తిస్తాం అనేవాళ్లు, అస్తిత్వం అనే మాట వాడకపోవడమే మంచిది.

ఇంకా చేదుగా ఉండే సంగతి ఒకటుంది. హైతీ జనం మతం వోడూ. ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న దేవతలను, దొరలు మీద రుద్దిన కాథలిక్ పునీతులను కలిపి, అందరికీ పైన ఒక్క దేవుణ్ని ఉంచి వాళ్లు అల్లుకున్న విశ్వాసం. డప్పు, నాట్యం, దీపం, పూర్వీకుల పిలుపు. సినిమా దీన్ని చూపించినంతా చీకటి, బొమ్మలు, కొవ్వొత్తులు, గద్దలు. మా ఇంట్లో కుర్రాడొకడు అది చూస్తూ, "అంతా షైతాన్ పూజ" అన్నాడు. మేమెవరమూ వెంటనే కాదనలేదు. తర్వాత గుర్తొచ్చింది, ఇదే కుర్రాడు, ఇదే గొంతుతో, పీర్ల పండక్కి ఊదు వేసే నానీమాను జాహిల్ అన్నాడని. ఊళ్లో మాదిగవాళ్లూ, గొల్లవాళ్లూ, మనవాళ్లూ కలిసి నిప్పుల గుండం చుట్టూ ఆడిన అలాయిని మనమే సిగ్గుపడి వదిలేస్తూ వచ్చామని. మనల్ని బయటివాళ్లు చూసే చూపుతోనే మనం మన ముసలివాళ్లను చూస్తున్నాం. వోడూను చూసిన అమెరికన్ దొర చూపుకూ మా చూపుకూ ఆ క్షణాన తేడా లేదు.

*

ఇప్పుడు సినిమా తీసిన కాలానికి రావాలి. 1932లో హైతీ ఎవరి చేతిలో ఉంది? అమెరికా సైన్యం చేతిలో. ఈ సంగతి సినిమాలో ఎక్కడా లేదు.

1914 డిసెంబరులో అమెరికన్ మెరైన్లు హైతీ జాతీయ బ్యాంకులోంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని ఓడకెక్కించి న్యూయార్క్ పట్టుకుపోయారు. 1915 జులై 28న సైన్యమే దిగింది. పందొమ్మిదేళ్లు, 1934 ఆగస్టు దాకా, కదల్లేదు. శాసనసభను మూయించారు. విదేశీయులకు భూమి అమ్మకూడదన్న పాత నిషేధాన్ని 1918 రాజ్యాంగంతో ఎత్తేశారు. పాత గ్రామీణ చట్టంలో మూలన పడివున్న ఒక నిబంధనను దుమ్ము దులిపి, రైతులను పట్టుకొచ్చి రోడ్లు వేయించారు. తాళ్లతో కట్టి తెచ్చారు, పారిపోతే కాల్చారు. దాన్ని వాళ్లు కోర్వే అన్నారు. మన భాషలో దానికి అచ్చమైన మాట ఉంది. వెట్టి.

వెట్టి మాట ఎత్తినప్పుడు మన ఇల్లు కూడా చూసుకోవాలి. నిజాం రాజ్యంలో దేశ్‌ముఖుల గడీల కింద వెట్టి చేసినవాళ్లు ఈ నేలమీదివాళ్లే. రాజు మనవాడన్న గర్వంతో ఆ వెట్టి చరిత్రను దాటేసినవాళ్లం మనలో ఉన్నాం. ఆ రాజ్యంలో బండెడు కష్టం చేసిన పేద ముసల్మాను కూడా రాజు కింద కూలివాడేనని మనకు మనం చెప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. హైతీ కథ మనల్ని ఒక వైపే నిలబెట్టదు.

ఆ వెట్టికి వ్యతిరేకంగా హైతీలో మళ్లీ తిరుగుబాటు లేచింది. నాయకుడు షార్లమేన్ పెరాల్ట్. 1919లో మెరైన్లు మారువేషంలో వెళ్లి అతన్ని చంపారు. శవాన్ని తలుపుకు కట్టి నిలబెట్టి ఫొటో తీశారు. జనం భయపడతారని ఆ ఫొటో పంచారు. జనానికి అది సిలువ మీది ఏసులా కనపడింది. భయపెట్టడానికి తీసిన బొమ్మ పూజకెక్కింది. ఆ తిరుగుబాటులో చచ్చిన హైతీవాళ్లు రెండు వేలకు పైనేనని అమెరికన్ సైన్యం లెక్కలే చెప్పాయి. అదే కాలంలో వోడూ మీద దాడులు. హైతీ శిక్షాస్మృతిలో ముందునుంచీ ఉన్న మంత్రతంత్రాల నిషేధాన్ని చేతబట్టుకుని గుడులు తగలబెట్టారు, డప్పులు లాక్కుపోయారు. 1920లో నల్లజాతి రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ హైతీ వెళ్లి చూసి వచ్చి, ఈ ఆక్రమణ వెనక ఉన్నది న్యూయార్క్ బ్యాంకు లాభమేనని పత్రికలో బయటపెట్టాడు.

సైన్యం వెళ్లిన చోటికి కథలు రాసేవాళ్లూ వెళ్తారు. విలియం సీబ్రూక్ అనే అమెరికన్ 1929లో 'ది మ్యాజిక్ ఐలాండ్' అనే పుస్తకం అచ్చేశాడు. నల్లవాళ్లను వింత జంతువుల్లా చూసే చూపు అందులో బోలెడు. కానీ ఒక అధ్యాయంలో పోలినీస్ అనే రైతు చెప్పాడంటూ ఒక కథ రాశాడు. అది సీబ్రూక్ చూపును దాటి మాట్లాడుతుంది.

1918లో చెరకు బాగా పండింది. హాస్కో అనే హైతీ అమెరికా చక్కెర కంపెనీకి కూలీలు కావాలి. జోసెఫ్ అనే మేస్త్రీ చింపిరి బట్టల్లో, వెలితి కళ్లతో ఉన్న గుంపునొకదాన్ని వెంటబెట్టుకొచ్చాడు. కొండప్రాంతం వాళ్లనీ, ఫ్యాక్టరీ చప్పుడుకు బెదిరిపోతారనీ, దూరంగా పొలంలో పని ఇప్పించమనీ అడిగాడు. వాళ్లు చచ్చినవాళ్లు. రోజంతా కోస్తారు. శనివారం కూలి జోసెఫ్ తీసుకుంటాడు. రాత్రి అతని పెళ్లాం క్రోయాన్స్ వాళ్లకు కూడు వండి పెడుతుంది. ఉప్పు లేని కూడు. జాంబీ నాలుకకు ఉప్పు తగలకూడదు. తగిలితే తాను ఎవరో గుర్తొస్తుంది. పండగ రోజు జోసెఫ్ పట్నం వెళ్లాడు. ఆమెకు జాలి వేసింది. వీళ్లకూ కాస్త పండగ చూపిద్దామని తీసుకెళ్లి, బజార్లో పప్పుండల్లాంటి మిఠాయి కొనిపెట్టింది. అందులో గింజలను ఉప్పు వేసి వేయించారని ఆమెకు తెలియదు. ఆ రుచి తగలగానే వాళ్లు లేచారు. పెద్దగా అరిచి, కొండవైపు, తమ ఊరివైపు నడిచారు. ఊళ్లో తల్లులు, భార్యలు గుర్తుపట్టి పేర్లు పెట్టి పిలిచినా ఆగలేదు. తమ గోరీల దగ్గరికి పోయి, మట్టి తవ్వుకుని, అక్కడే పడిపోయారు. ఊరివాళ్లు జోసెఫ్‌ను బతకనివ్వలేదు.

నానీమా ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది. కూలి మేస్త్రీ తీసుకున్నాడు. పంట కంపెనీ తీసుకుంది. కథ చెప్పిన రైతుకు అది స్పష్టంగా తెలుసు. దయ్యం కథలో కంపెనీ పేరు, కూలి ఇచ్చే వారం కూడా చెప్పాడు.

*

ఈ కథ హాలీవుడ్ చేరేసరికి ఏమైంది? సినిమా 1932 జులై 28న న్యూయార్క్‌లో తొలిసారి ఆడింది. మెరైన్లు హైతీలో దిగిన రోజుకు సరిగ్గా పదిహేడేళ్లు. కావాలని చేసి ఉండరు. గుర్తు కూడా ఉండి ఉండదు. ఆ మరుపే అసలు సంగతి.

సినిమాలో మెరైన్లు లేరు. హాస్కో లేదు. ఆవిరి యంత్రాల ఫ్యాక్టరీ స్థానంలో పాత కాలపు చెక్క చక్రం. కంపెనీ స్థానంలో కొండ మీద కోటలో ఒక దుష్ట మంత్రగాడు. దోపిడీ ఒక మనిషి దుర్మార్గంగా మారిపోయింది. వాడు చస్తే సమస్య తీరినట్టే. హీరో నీల్ ఎవరు? పోర్ట్ ఓ ప్రిన్స్‌లో బ్యాంకు ఉద్యోగి! ఆ కాలానికి హైతీ జాతీయ బ్యాంకు న్యూయార్క్ నేషనల్ సిటీ బ్యాంకు చేతుల్లోకి పోయి ఉంది. అంటే మిల్లు చక్రం తిరిగే చప్పుడు ఎవరి ఖాతాలో జమ అవుతుందో ఆ ఖాతా పుస్తకాలు రాసే కుర్రాడే మన జాలికి పాత్రుడు. అతనికి తోడుగా ఒక క్రైస్తవ మిషనరీ. స్థానిక వైద్యుడి పాత్రకు నల్లరంగు పూసుకున్న తెల్లనటుడు. బండివాడి పాత్ర వేసిన క్లారెన్స్ మ్యూజ్ నిజంగా నల్లజాతివాడు, న్యాయశాస్త్రం చదివిన పట్టభద్రుడు. హైతీ గురించి సినిమాలో నిజానికి దగ్గరగా పలికిన నాలుగు ముక్కలూ అతని నోటివే. అవి పలికాక అతనికి పని లేదు.

అన్నిటికంటే పెద్ద మార్పు ఉప్పు. సినిమాలో ఉప్పు లేదు. జాలిపడ్డ ఆడమనిషి లేదు. జాంబీలు తమంతట తాము గుర్తు తెచ్చుకుని ఇంటిదారి పట్టడం లేదు. చివర్లో మంత్రగాడు లోయలో పడి చస్తాడు. తెల్లపిల్లకు మెలకువ వస్తుంది. అతని వెంట ఉన్న జాంబీలు ఆగమని చెప్పేవాడు లేక ఒక్కొక్కరే కొండ అంచు దాటి పడిపోతారు. మిల్లులో ఉన్నవాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. హైతీ కథలో బాధితులు లేచి నడిచారు. హాలీవుడ్ కథలో వాళ్లు రాలిపోయారు. లేచే హక్కు రంగును బట్టి వచ్చింది.

దోచుకున్నవాడు దోచుకోబడ్డవాడి నుంచి కథ కూడా దోచుకుని, అందులో భయపడాల్సినవాణ్ని మార్చేశాడు. వెట్టి చేయించేవాడిని చూసి భయపడాల్సిన చోట వెట్టి చేసేవాడిని చూసి భయపడమన్నాడు.

ఈ తలకిందులు తర్వాత పెరుగుతూ పోయింది. 1968లో జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. అదీ నలుపు తెలుపే. అందులో శవాలు పని చేయవు, మనుషులను తింటాయి. వాటిని జాంబీలనలేదు, గూల్ అన్నారు. ఆ మాట మనకు తెలిసిందే, అరబీ నుంచి ఇంగ్లీషులోకి పోయింది. ఉర్దూలో గూలే బయాబాన్ అంటాం కదా, ఎడారిలో దారి తప్పించే భూతం. అలా హైతీ కూలివాడి ఒంటి మీదికి అరబ్బు భూతం పేరు ఎక్కింది. ఆ సినిమాలో నల్లజాతి హీరో రాత్రంతా భూతాలతో పోరాడి బతుకుతాడు. తెల్లవారి, కాపాడడానికి వచ్చిన తుపాకుల గుంపు అతన్నీ భూతమనుకుని కాల్చేస్తుంది. దూరం నుంచి చూసేవాడికి, తుపాకీ చేతిలో ఉన్నవాడికి, బతికున్న మనిషికీ భూతానికీ తేడా అక్కర్లేదు. రొమేరో జాంబీలు లోకమంతా తిరిగి 2021లో 'జాంబీ రెడ్డి'తో కర్నూలు సీమకూ వచ్చాయి. హాయిగా నవ్వుకున్నాం. అప్పుడు హైతీ ఎవరికి గుర్తుంది?

గుర్తు లేకపోతే ఏమవుతుంది? 2010 జనవరిలో భూకంపంలో హైతీ నేలమట్టమైతే, అమెరికన్ మతబోధకుడు పాట్ రాబర్ట్‌సన్ టీవీలో కూచుని, ఫ్రెంచివాళ్ల నుంచి విడిపించుకోవడానికి ఆ జనం సైతానుతో ఒప్పందం చేసుకున్నారని చెప్పాడు. 2024 సెప్టెంబరులో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న డొనాల్డ్ ట్రంప్, ఒహైయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్లు పొరుగువాళ్ల కుక్కలను, పిల్లులను తింటున్నారని చర్చావేదిక మీద అన్నాడు. ఆ మాట తగిలింది అక్కడి హైతీవాళ్లకు. దానికి ఆధారం లేదని ఆ ఊరి అధికారులే చెప్పారు. ఎంత చెప్పినా ఏం లాభం? తొంభై ఏళ్లుగా తెర మీద తయారైన బొమ్మ ముందే సిద్ధంగా ఉంది. పుకారు దానికి బట్టలు తొడిగిందంతే.

*

ఇదంతా మనకెందుకు అని అడిగే పాఠకుడు ఉండొచ్చు. వంటింట్లో ఏం వండుకున్నారన్న పుకారు మీద మనుషుల ప్రాణాలు పోయిన దేశంలో ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదు. కళ్లకు సుర్మా, మెడలో తాయెత్తు, భుజాన చారల తువ్వాలు. ఇంతుంటే చాలు, మన సినిమాల్లో ప్రేక్షకుడు భయపడాల్సినవాడెవడో తెలిసిపోతుంది. సైకిల్ పంక్చర్ వేసేవాడు, దూదేకేవాడు, పండ్ల బండి తోసేవాడు ఆ తువ్వాలే వేసుకుంటాడు. తెర మీద అతని పని కనపడదు, తువ్వాలే కనపడుతుంది. హైతీ కూలివాడి గంప కనపడక కళ్లు మాత్రమే కనపడ్డట్టు.

అయితే హైతీ మనకు ఇంకో సంగతి కూడా చెప్తోంది. మన భాషలో ఉప్పుకు రెండు ముఖాలున్నాయి. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని ఒకటి. ఉర్దూలో నమక్‌హలాల్, నమక్‌హరామ్. ఇది యజమాని చెప్పే ఉప్పు. మనల్ని ఎప్పుడూ దీనితోనే కొలుస్తారు. ఈ దేశం ఉప్పు తిన్నారు గదా, విశ్వాసం చూపించండి అని. ఈ దేశపు చెమటలో మన ఉప్పు ఎంత కలిసిందో అడగరు. రెండోది, ఉప్పూ కారం తినే మనిషివేనా అని అడిగే ఉప్పు. రోషం ఉందా, నువ్వెవరో నీకు గుర్తుందా అని. హైతీ రైతు చెప్పింది ఈ రెండో ఉప్పు గురించి. మేస్త్రీ పెట్టని ఉప్పు. పండగ బజారులో, ఒక ఆడమనిషి జాలితో పెట్టిన మిఠాయిలో, అనుకోకుండా దొరికిన ఉప్పు.

చరిత్ర అలాంటి ఉప్పు. గొప్పలు చెప్పుకోవడానికి వాడే నవాబుల చరిత్ర కాదు. అది చక్కెర, ఎంత తిన్నా మత్తే. ఎవరి కూలి ఎవడు తీసుకున్నాడో, ఎవరి కథ ఎవడు తిప్పి చెప్పాడో, అందులో మనవాళ్ల చెయ్యి ఎంతో కూడా చెప్పే చరిత్ర. అది నాలుకకు తగిలినప్పుడు ముందు నొప్పే తెలుస్తుంది. ఆ తర్వాతే ఇంటిదారి తెలుస్తుంది.

హైతీ ఆ దారిలో కొంత నడిచింది. 2003లో వోడూను అక్కడి ప్రభుత్వం మతంగా గుర్తించింది. డప్పులు లాక్కుపోయిన నేల మీదే పెళ్లికీ బారసాలకూ వోడూ పూజారి చేసే తంతుకు చట్టంలో చోటు దొరికింది. పేదరికం పోలేదు, తుపాకీ ముఠాలు పోలేదు. కానీ మా మతాన్ని దయ్యమని పిలిచే హక్కు మీకు లేదని చెప్పుకున్నారు.

సినిమా అయిపోయాక పిల్లలు లేచి వెళ్లిపోయారు. నానీమా మాత్రం అక్కడే నిలబడి ఉంది. మొదట్లో దారి మధ్యలో శవాన్ని పూడ్చినవాళ్లు మళ్లీ ఎందుకు కనపడలేదని అడిగింది. వాళ్ల బిడ్డ శవం మిగిలిందో లేదో వాళ్లకు తెలియాలి గదా అంది. తొంభై ఏళ్ల కింద తీసిన సినిమాలో ఎవరికీ రాని ఆ అనుమానం ఆమెకు వచ్చింది. మాకు జవాబు తోచలేదు. పీర్ల పండక్కి ఊదు వేసే ఆ ముసలామెను జాహిల్ అన్న కుర్రాడు మళ్లీ సినిమా మొదటికి తిప్పి, ఆ పూడ్చేవాళ్ల ముఖాలను ఒక్కొక్కటే ఆపి చూశాడు.